కావిడి మోసినవాడు వెనక కూర్చుంటే

తుపాను తీరం దాటిన రోజు ఉదయం 7.50కి మా ట్రక్కులు టెక్కలి పొలిమేరలో ఆగాయి. ముందు ట్రక్కు బంపరుకి మూడు గజాల దూరంలో ఒక చింతచెట్టు రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉంది. వాన తగ్గింది. గాలి ఇంకా తగ్గలేదు. మేం నలభై రెండు మందిమి. మా దగ్గర పద్నాలుగు మోటారు రంపాలు, రెండు జనరేటర్లు, ఒక డాక్టరు, రెండు మోటారుసైకిళ్లు. ఆ రెంటిలో ఒకటి నాది.

నేను డి.ఆర్.ని. డెస్పాచ్ రైడర్ అంటారు. ఫోనూ వైర్‌లెస్సూ పని చెయ్యని చోట కాగితం జేబులో పెట్టుకుని బండి మీద పోయేవాడు. పదిహేడేళ్లు సైన్యంలో చేశానంటే మీరంతా తుపాకీ గురించే అడుగుతారు. తుపాకీ ఏడాదికోసారి పేల్చాను, అదీ అట్టబొమ్మ మీద. నా యుద్ధమంతా మలుపులతోనే. మంచుకొండల్లో ఏడేళ్లు మలుపులు తిరిగాను, ఈశాన్యంలో నాలుగేళ్లు తిరిగాను. కానీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పమంటే ఈ తొమ్మిది రోజుల డ్యూటీ గురించే చెబుతాను. అది మా ఇంటి నుంచి యాభై కిలోమీటర్లు కూడా లేని పోస్టింగు.

చింతచెట్టు దగ్గర మేజర్ సాబ్ దిగి అడిగాడు: "ఈ ఏరియా ఎవరికి తెలుసు?"

నా చెయ్యి లేచింది. పక్కన నిలబడ్డ ఉస్తాద్ నా వైపు జాలిగా చూశాడు. ఉస్తాద్ అంటే నాకు బండి నేర్పిన హవల్దారు. సైన్యంలో చెయ్యెత్తడమంటే కొరివితో తల గోక్కోవడమే అని మొదటి రోజే నేర్పాడు. నేను సొంతూరి గాలి తగిలేసరికి మర్చిపోయాను.

నిజం చెప్పాలి. మాది టెక్కలి. టెక్కలి వాడికి ఉద్దానం అంటే పెళ్లిళ్లకి వెళ్లే చోటు. జీపులో పోతాం, పనసకాయ కూర తింటాం, ఎవరో తోవ చూపిస్తే తిరిగొస్తాం. అంతకు మించి ఆ కొబ్బరితోటల మధ్య దారులు నాకు తెలియవు. ఎత్తిన చెయ్యి దించలేం కదా.

సాయంత్రం 3.20కి పలాస చేరాం. మూసి ఉన్న ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక, జీడిపిక్కలు ఆరబోసే సిమెంటు కల్లంలో గుడారాలు వేశాం. రేకుల కప్పు ఎగిరిపోయింది. జీడితొక్క కాలిన వాసన మాత్రం ఎగరలేదు. తొమ్మిది రోజులూ మా అన్నంలో, చొక్కాల్లో అదే వాసన.

మర్నాటి నుంచి నా పని మొదలైంది. చెట్లు కోసే దళాలు ఒకటి సుమ్మాదేవి వైపు, ఒకటి బారువ వైపు, మూడు తీరం వైపు. నేను ఒకళ్ల కబురు ఇంకొకళ్లకి చేరవెయ్యాలి. అప్పుడు తెలిసింది, ఉద్దానంలో దారి చెప్పేది చెట్లతోనే అని.

"మెయిన్ రోడ్డు ఎటమ్మా?" అని ఒకావిడని అడిగాను.

"మూడు కొబ్బరిసెట్లు కలిసున్న కాడ ఎడమకి తిరుగు, నాయనా."

"ఎక్కడున్నాయమ్మా ఆ మూడు చెట్లు?"

"పడిపోనాయి కదా. పడిపోకముందు అక్కడే ఉండీవి."

ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. చుట్టూ చూస్తే ఎటు చూసినా చెట్లు వేళ్లతో సహా లేచి, అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడున్నాయి. ఒక్కో ఇంటివాళ్లు ముప్ఫై ఏళ్లు పెంచిన తోట అది. బండి తిప్పుకుని వచ్చేశాను.

ఇక్కడ ఆగి మలుపు సంగతి చెప్పాలి, లేకపోతే ముందుది అర్థం కాదు.

ఉస్తాద్ పాఠం చీపురుతో మొదలవుతుంది. పొడుగు కర్ర చీపురు తలకిందులుగా అరచేతి మీద నిలబెట్టమంటాడు. నిలబెట్టాక గుండ్రంగా పరిగెత్తమంటాడు. చీపురు నిటారుగా ఉంటే గుండ్రానికి బయటివైపు పడిపోతుంది. నిలవాలంటే లోపలికి వాలాలి. ఎంత జోరుగా తిరిగితే అంత వాలాలి. "మలుపులో బండి కూడా ఇదే చీపురు," అంటాడు ఉస్తాద్. "టైరు కింద నేలని పట్టుకుని లోపలికి లాగుతుంది. బరువేమో పైన ఉంది, అది తిన్నగా పోదామనుకుంటుంది. వాలకపోతే బయటికి పడతావు."

అయితే వాలాల్సింది బండి ఒక్కటే కాదు. బండీ, మీదున్న మనిషీ కలిసిన మొత్తం బరువు వాలాలి. మనిషి ఒళ్లు లోపలికి వేస్తే బండి కాస్త తక్కువ వాలినా సరిపోతుంది. మనిషి భయపడి ఒళ్లు బయటికి వేశాడనుకోండి, ఆ లోటు బండే తీర్చాలి. ఇంకా కిందికి వాలుతుంది. అప్పుడు ఫుట్‌రెస్టు తారుకి రాసుకుంటుంది, నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని లోపలి భుజం ముందుకి, గడ్డం లోపలి అద్దం వైపు, చూపు మలుపు చివరికి. ఇది నేను ఏడేళ్లు కొండరోడ్ల మీద చేశాను. బాగా చేశాను. ఆ సంగతి అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

వెనక కూర్చునేవాడి గురించి ఉస్తాద్‌ది ఒకటే మాట: "మంచి సవారీ అంటే బియ్యం బస్తా. బండితో పాటు వాలుతుంది. అభిప్రాయాలుండవు."

నాలుగో రోజుకి వైర్‌లెస్ అక్కడక్కడా అందడం మొదలైంది. ఉదయం 10.15కి నా హ్యాండ్‌సెట్ గరగరలాడింది. మా రేడియో ఆపరేటర్ మధురై వాడు. హిందీలోనే మాట్లాడతాడు, అది హిందీ అని మేం నమ్మేవాళ్లం.

"డి.ఆర్., ఎక్కడున్నావ్? ఓవర్."

"తీరం దళం దగ్గర. ఓవర్."

"ఒక మనిషిని తేవాలి. పేరు గున్నయ్య. కిడ్నీ పేషెంటు. డాక్టర్ సాబ్ మాట్లాడతారు."

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ గున్నయ్య పలాస వచ్చి వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీ ఎక్కాలి. తుపానులో రెండు వాయిదాలు తప్పిపోయాయి. ఊళ్లోంచి తారురోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు ఇసకదారి, దాని మీద పడిన చెట్లు. జీపు పోదు. మంచం మీద మోస్తే మూడు గంటలు. మోటారుసైకిలు పోవచ్చు.

డాక్టర్ సాబ్ అన్నాడు: "తారురోడ్డు దగ్గర అంబులెన్సు ఉంటుంది. అక్కడిదాకా తెస్తే చాలు."

10.55కి ఊరు చేరాను. గున్నయ్య పడిపోయిన కొబ్బరిచెట్టు మొద్దు మీద కూర్చుని, దాన్ని ఎలా కొయ్యాలో పక్కింటివాడికి చెబుతున్నాడు. అరవై ఏళ్లుంటాయి. మొహం ఉబ్బింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు, అయినా మాట ఆపడం లేదు. ముప్ఫై ఏళ్లు తోటలోంచి బండిదారి దాకా కావిడి మీద కొబ్బరికాయలు మోసిన మనిషి. భుజం మీద కావిడి బద్ద కాయకట్టిన గుర్తు ఇంకా ఉంది.

ఆయన భార్య నన్ను చూసి లోపలికి కేకేసింది, లోపల ఎవరూ లేకపోయినా. "ఓలమ్మా, మిలట్రీ వొచ్చీసినాది! లెగు, లెగు!"

గున్నయ్య లేవలేదు. నన్ను, బండిని, బండి టైర్లని ఆ వరసలో చూశాడు.

"ఏ ఊరు బాబూ నీది?"

"టెక్కలి, మావా."

"టెక్కలా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అయితే నీకు ఇసక తెల్దు."

నేను మంచుకొండల పేర్లు రెండు చెప్పాను. ఆయనకి అవి ఏ మండలంలో ఉన్నాయో అర్థం కాలేదు.

అప్పుడే డాక్టర్ సాబ్ మళ్లీ పిలిచాడు. "ఒకటి అడుగు. ఈ నాలుగు రోజులూ ఆయన ఏం తాగాడు? కొబ్బరినీళ్లు తాగాడా?"

అడిగాను.

"ఒక్కటి," అన్నాడు గున్నయ్య, చెట్టు వైపు చూస్తూ.

"ఒక్కటేటి!" అంది భార్య. "పూటకి రెండు. బావిలో ఉప్పునీల్లు సేరిపోనాయి, ఇంకేటి తాగుతాడు? సుట్టూ కాయలే. నానే కొట్టి ఇచ్చినాను. కొబ్బరినీల్లు సలవ కదా, బాబూ."

నేను దూరం జరిగి ఆ మాట హ్యాండ్‌సెట్‌లో చెప్పాను. తర్వాత డాక్టర్ సాబ్ మెల్లగా చెప్పాడు. కొబ్బరినీళ్లలో ఒక ఉప్పు ఉంటుంది. మనకి మంచిదే. కిడ్నీ పోయినవాడికి అది ఒంట్లోనే పేరుకుంటుంది, పేరుకుని గుండెని ఆపేస్తుంది. "రెండింటిలోగా కుర్చీలో ఉండాలి. ఆయనకీ ఆవిడకీ ఇప్పుడు చెప్పకు. దారంతా మాట్లాడిస్తూ ఉండు. మాట ఆగితే మంచిది కాదు."

ఊరు ఊరంతా దాహానికి అవే తాగి బతికింది. ఆ ఒక్క మనిషికే అవి విషం. ఇచ్చింది కట్టుకున్న భార్య, ప్రేమగా.

నేను తిరిగొచ్చేసరికి ఆవిడ రెండు కాయలు కొట్టి, మూత కోసి, తాడుతో నా హ్యాండిల్‌కి కడుతోంది. "దారిలో దాహమేత్తాది, బాబూ."

"మిలట్రీ బండికి కాయలు కట్టకూడదమ్మా, రూలు," అన్నాను. అటువంటి రూలు లేదు. సైన్యంలో నేను చెప్పిన అబద్ధాల్లో అది ఒక్కటే మంచిది.

11.30కి బయల్దేరాం. నా రెండో హెల్మెట్ ఆయన తలపాగా మీద పెట్టాను. ఎడమ చేతికి డయాలసిస్ సూదులు గుచ్చే నరం ఉంది, దాని మీద దెబ్బ తగలకూడదు. అందుకని కుడిచేత్తో నా బెల్టు పట్టుకోమన్నాను. బండి నూట తొంభై కిలోలు. నేను డెబ్బై. వెనక ఆయన, ఆయన అభిప్రాయాలు.

మొదటి చెట్టు దగ్గర దారి ఎడమకి తిరగాలి. నేను నేర్చుకున్నట్టు లోపలి భుజం వేశాను. వెనక బరువు మొత్తం కుడివైపు పోయింది. బండి గింజుకుంది. ఎలాగో దాటాను.

"మావా, నేను ఎటు వాలితే నువ్వూ అటే వాలాలి."

"పడిపోతావని ఆపుతన్నాను, బాబూ."

"నేను పడిపోను."

"నానొట్టుకున్నాను గాబట్టి పడలేదు."

రెండో చెట్టు దగ్గర కుడికి తిరగాలి. ఆయన ఎడమకి వాలాడు. మూడో చెట్టు ఎడమకి. ఆయన కుడికి. అప్పుడు అర్థమైంది. ఈయన భయపడి వాలడం లేదు, కావిడి సర్దుతున్నాడు. ఒక బుట్ట దిగితే రెండోవైపు ఒళ్లు వెయ్యాలి. ముప్ఫై ఏళ్ల అలవాటు. ఆయన లెక్కలో నేనొక బుట్టని.

బండి ఆపాను. చీపురు పాఠం మొత్తం చెప్పాను. నిమిషంన్నర పట్టింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఇసకలోనేనా?" అన్నాడు.

"ఎక్కడైనా ఒకటే, మావా. ఇది సైన్సు."

"సరే అల్లుడూ. నువ్వు సెప్పినట్టే."

11.52. తర్వాతి మలుపు రెండు మొద్దుల మధ్య సందు. నడిచే వేగంతో పోతున్నాం. నేను లోపలికి వాలాను. ఆయనా బుద్ధిగా నాతో పాటు లోపలికి వాలాడు. ముందు టైరు ఇసకలో జారింది. ఇద్దరి బరువూ ఎటు వాలిందో అటే పడ్డాం. ఆపడానికి అటువైపు ఏమీ లేదు.

ఇసక మెత్తన. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను తల ఎత్తి చూసేసరికి గున్నయ్య వెల్లకిలా పడుకుని, ఎడమ చెయ్యి ఆకాశంలోకి నిటారుగా లేపి ఉంచాడు. సూదుల చెయ్యి. దానికి ఇసకరేణువు కూడా అంటలేదు.

"ఇదేనా సైన్సు?" అన్నాడు.

ఆయన్ని లేపి కూర్చోబెట్టాను. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. అందగానే చెప్పాడు. "ఇసకలో కావిడి తిప్పితే కాలు జారతాది. జారుతాదని ముందే తెలిసుండాల. బుట్ట లోపలికి దించు, నువ్వు మాత్రం కాలు మీదే నిలబడు. కాలు జారినా ఒల్లు దాని మీదే ఉంటాది, సర్దుకోవచ్చు. నువ్వూ బుట్టా ఒకేపక్కకి ఎల్లిపోతే, ఇంకెవడు సర్దుతాడు?"

బండి లేపుతూ ఆలోచించాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నెమ్మదిగా, ఇరుకులో తిరిగేటప్పుడు బండి ఎంత వాలితే అంత బిగువుగా తిరుగుతుంది. బండిని లోపలికి దించి ఒళ్లు బయటికి వేస్తే తూకం చెడకుండానే బండి బాగా వాలుతుంది. ఒళ్లు ఎటు వేసినా టైరుకి కొత్తగా పట్టు రాదు. కానీ జారినప్పుడు, బరువు టైరు మీద నిలబడి ఉంటే బండిని నిలబెట్టుకోవచ్చు. లోపల వేలాడుతుంటే పడడమే. ఇదంతా ఉస్తాద్‌కీ తెలుసు, రాళ్లదారి పాఠంలో ఒక పూట చెప్పాడు కూడా. ఆ పూట నేను తారురోడ్డు మీద నా గొప్ప తలుచుకుంటూ కూర్చున్నాను. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నా తల తన్నినవాడు చెప్పులు కూడా లేకుండా వెనక కూర్చున్నాడు.

"మావా, నువ్వు చెప్పు, నేను తిప్పుతాను."

అప్పటి నుంచి ఆయనే కమాండరు. "ఎడమ బుట్ట" అంటే బండిని ఎడమకి దించాను, ఇద్దరం కుడికి ఒళ్లు వేశాం. "కుడి బుట్ట" అంటే అటు. ఇంకో పదకొండు మొద్దులు దాటాం. ఒక్కసారి కూడా కాలు నేలకి ఆనలేదు. చెట్లు కోస్తున్న మా దళం పక్కనుంచి పోతుంటే ఒకడు రంపం ఆపి నోరు తెరిచాడు. ఇద్దరు పెద్దమనుషులు బండి మీద భరతనాట్యం చేస్తున్నట్టుందిట.

12.40కి తారురోడ్డు ఎక్కాం. అంబులెన్సు లేదు. హ్యాండ్‌సెట్‌లో మధురైవాడి గొంతు.

"డి.ఆర్., అంబులెన్సు రాదు. మధ్యలో కరెంటు స్తంభాలు పడ్డాయి. బండి పోయేంత సందు ఉంది. నువ్వే తీసుకురా. ఓవర్."

పద్దెనిమిది కిలోమీటర్లు. మధ్యలో దిగి తోసుకుంటూ దాటాల్సిన చోట్లు ఎన్నున్నాయో ఎవరికీ తెలీదు. అరవై మీద పెట్టాను. ఎండ వచ్చింది. మొదటి మలుపులోనే గున్నయ్య బయటికి వాలాడు, బండి కిందికి దిగిపోయింది, కర్రుమని ఫుట్‌రెస్టు తారుని గీసింది.

"మావా, ఇక్కడ ఇసక లేదు. ఇది తారు. వేగం మీదున్నాం. ఇక్కడ నా సైన్సే."

"ఇందాకా ఇదే సెప్పినావు."

"ఇందాకా నాది తప్పు. ఇప్పుడు రైటు."

"ఏ కూడలి కాడ మారింది?"

స్తంభాల దగ్గర దిగి నడిపించాను. మళ్లీ ఎక్కాం. వాదన సాగింది. ఒక్కో మలుపూ ఒక్కో పంచాయితీ. నేను లోపలికి, ఆయన బయటికి. రెండుసార్లు బూటు చివర గీసుకుపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉస్తాద్ చెప్పిన బియ్యం బస్తా ఈ జన్మలో నా వెనక ఎక్కదా అనుకున్నాను.

1.12. కుడి మలుపు. వాలాను. బండి వెన్నలా తిరిగింది. వెనక బరువు నా వీపుకి ఆనుకుని నాతో పాటే వాలింది, నాతో పాటే లేచింది. తర్వాత ఎడమ మలుపు. అదీ అంతే. కొండల్లో పదకొండేళ్లలో అంత మంచి సవారీ నాకు దొరకలేదు.

"శభాష్ మావా, ఇప్పుడు పట్టుబడింది," అన్నాను.

జవాబు రాలేదు.

నా బెల్టు పట్టుకున్న చెయ్యి వదులైంది.

ఏం జరిగిందో నా బుర్ర కంటే ముందు నా వీపుకి తెలిసింది. ఎడమచేత్తో ఆయన చెయ్యి పట్టుకుని నా పొట్టకేసి అదిమాను. బండి ఆపితే టైము పోతుంది. ఆపకపోతే మనిషి జారిపోతాడు. "మావా! మావా!" అని అరిచాను. హెల్మెట్ నా భుజానికి కొట్టుకుంటోంది, అంతే. దేవుడా, ఒక్క అభిప్రాయం చెప్పించు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"మావా! కావిడి మొయ్యడం ఏటి గొప్ప! మా టెక్కల్లో గాడిదలు మోత్తాయి!"

ఏమీ లేదు.

"మీ ఉద్దానం కాయ ఏటి కాయ! కోనసీమ కాయ సూడు, నీ కాయకి రెండింతలుంటాది!"

వీపు మీద బరువు కదిలింది.

"ఏటన్నావ్?"

"కోనసీమ కాయే కాయన్నాను!"

"ఎవడన్నాడురా ఆ మాట..." అంటూ గున్నయ్య బయటికి వాలాడు. బండి మలుపులో ఒక్క ఊపు ఊగింది, ఫుట్‌రెస్టు కర్రుమంది, నిప్పులు లేచాయి. నాకు ఏడుపొచ్చింది. బండి అంత ఘోరంగా తిరిగినందుకు అంత సంతోషపడ్డవాడు భూమ్మీద ఇంకొకడు ఉండడు.

అక్కడి నుంచి పలాస దాకా ఉద్దానాన్ని తిట్టని తిట్టు లేదు. పనసపండు సప్పన అన్నాను. జీడిపప్పు పిప్పి అన్నాను. బారువ ఎండుచేపలు మా టెక్కలి పిల్లులు కూడా ముట్టవన్నాను. ఆయన ప్రతిదానికీ జవాబు చెప్పాడు, ప్రతి మలుపులోనూ తప్పువైపే వాలాడు. రోడ్డు పక్క జనం నన్ను చూసి ఏమనుకున్నారో తెలీదు. ఆకుపచ్చ బట్టలేసుకున్న మిలట్రీవాడొకడు కళ్లనీళ్లతో ఎండుచేపల్ని తిడుతూ పోతున్నాడు.

1.38కి కాశీబుగ్గ దాటి ఆస్పత్రి చేరాం. డాక్టర్ సాబ్ గుమ్మంలోనే ఉన్నాడు. నలుగురు ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. పోతూ పోతూ గున్నయ్య స్ట్రెచరు మోసేవాళ్లకి తలుపు దగ్గర ఎటు వొంగాలో చెబుతున్నాడు.

నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు, టీ ఇచ్చాడు. ఫుట్‌రెస్టు వైపు చూశాడు. కొస అరిగి మెరుస్తోంది.

"ఇలాగేనా నేర్పింది?" అన్నాడు.

"వెనక కావిడి మోసినాయన ఉన్నాడు, ఉస్తాద్," అన్నాను.

సాయంత్రం 5.45కి డాక్టర్ సాబ్ వచ్చి, లోపలికి రమ్మన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు. గున్నయ్య కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కొబ్బరినీళ్ల సంగతి అప్పటికి చెప్పారు. మొహం చిన్నబోయింది.

"దానికి సెప్పకు అల్లుడూ," అన్నాడు. "నా పెల్లానికి. దాని సేత్తో ఇచ్చినాది. సచ్చీదాకా ఏడుత్తాది. డాట్రు వొద్దన్నాడని సెప్తాను, అంతే." కాసేపు కళ్లు మూసుకున్నాడు. నేను లేవబోతుంటే మళ్లీ తెరిచాడు. "కోనసీమ కాయ పెద్దదే. నీల్లు సప్పన."

తొమ్మిదో రోజు ఉదయం 6.00కి గుడారాలు పీకాం. టెక్కలి మీదుగానే వెళ్లాం. మా వీధి మొగ దగ్గర మేజర్ సాబ్ పది నిమిషాలు ట్రక్కులు ఆపించాడు. ఇంట్లో ఒక్క గ్లాసు మజ్జిగ తాగి, కోటబొమ్మాళి వైపు సాగిపోయాం. ఆ పోస్టింగులో నాకు దొరికిన సెలవు అదే.

తర్వాత కొండల్లో కొత్త డి.ఆర్.లకి ఉస్తాద్ పాఠం మారింది. తారు మీద వేగంగా పోతే ఒళ్లు లోపలికి. ఇసకలో, బురదలో, ఇరుకులో నెమ్మదిగా తిరిగితే ఒళ్లు బయటికి. రెండో దానికి ఆయన పెట్టిన పేరు గున్నయ్య పద్ధతి. పంజాబు వాళ్లు, నాగాలాండు వాళ్లు రాళ్లదారిలో బండి దించుతూ "లెఫ్ట్ బుట్టా, రైట్ బుట్టా" అని అరుస్తుంటే విన్నాను. బుట్టంటే ఏమిటని ఎవరూ అడగలేదు. సైన్యంలో అడగరు.

ఇప్పుడు రిటైరై టెక్కలిలో టైర్ల షాపు పెట్టుకున్నాను. గున్నయ్య ఇంకా వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్తున్నాడు, ఆటోవాడికి మలుపులు నేర్పుతున్నాడు. నీళ్లు కొలిచి తాగుతాడు. కొబ్బరికాయ కొట్టింది చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఎందుకో ఆయన భార్యకి ఇప్పటికీ తెలీదు.

నా భార్య బండి మీద చక్కగా కూర్చుంటుంది. మలుపులో నాతో పాటే వాలుతుంది, నాతో పాటే లేస్తుంది. ఎవరూ నేర్పలేదు. అలా వాలిన ప్రతిసారీ "ఉన్నావా?" అని అరుస్తాను. "ఎక్కడికి పోతాను, మీకేమైనా పిచ్చా?" అంటుంది. ఆ మాట వినపడ్డాకే మళ్లీ గేరు వేస్తాను.

అలా ఎందుకు అరుస్తానో ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. మీకు చెబుతాను. ఆ రోజు 1.12కి ఎండ నా ఎడమవైపు నుంచి పడుతోంది. కుడిపక్క తారు మీద మా నీడ మాతో పాటే పరిగెడుతోంది. బండికి ఒక్కటే నీడ, ఒక్కటే ఒళ్లు, ఒక్కటే తల. ఎంత అందంగా వాలుతోందో అని మురిసిపోయి చూశాను, ఇద్దరం ఎక్కిన బండికి ఒక్క తలేమిటని నాకు తట్టలేదు. కోనసీమ మాట అన్నాక ఆ నీడలోంచి రెండో తల మెల్లగా విడివడి పైకి లేచింది. నా తలకి దూరంగా, తప్పు పక్కకి వాలింది.

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ అదే కనిపిస్తుంది.